యువరాజ్‌కి వచ్చిందే నాకూ వచ్చింది

నాకు కాన్సర్ అని బయటపడిన రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్లంతా ఎవరో ఒకరి పేరు పట్టుకొచ్చేవారు. కుర్రాళ్లు యువరాజ్ సింగ్ అనేవారు. ఆడవాళ్లు సోనాలి బెంద్రే అనేవారు, మనీషా కోయిరాలా అనేవారు, గౌతమి అనేవారు. ‘వాళ్లకే తగ్గింది, నీకు తగ్గదా’ అని ఓ మాట అనేసి, టీ తాగి, అరటిపళ్ల సంచి అరుగు మీద పెట్టి వెళ్లిపోయేవారు. వాళ్లలో ఎవరినీ నేను తప్పు పట్టను. రోగి ముందు కూర్చున్నప్పుడు ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. నోటికి అందే మాట అదొక్కటే. అయితే ఆ పేర్లు నిజంగా రోగికి పనికొస్తాయా అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. నాకు పనికొచ్చాయి. కానీ చెప్పినవాళ్లు అనుకున్న పద్ధతిలో కాదు. పనికిరాని చోట వాడితే ఎంత బాధపెడతాయో కూడా దగ్గరగా చూశాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కోనసీమలో వైనతేయ గోదావరి గట్టుకి దగ్గర ఊరు. తాతల నాటి నుంచీ సన్నాయి మేళం మా ఇంటి వృత్తి. నాన్న డోలు, చిన్నాన్న సన్నాయి. నేను బీకాం చదివి, అంబాజీపేటలో ఓ కొబ్బరి కొట్లో కొన్నాళ్లు లెక్కలు రాసి, మళ్లీ సన్నాయికే వచ్చాను. మాఘం నుంచి పెళ్లిళ్లు, శ్రావణంలో మళ్లీ పెళ్లిళ్లు, మధ్యలో కల్యాణోత్సవాలు, తీర్థాలు. ఊపిరి మీద బతికే వాళ్లం. ఈ మాట ఇక్కడ ఎందుకు చెప్పానో తర్వాత తెలుస్తుంది.

2022 సంక్రాంతి నాటికి నా కుడి వృషణం బరువుగా, గట్టిగా అనిపించడం మొదలైంది. నొప్పి లేదు. మా గోదావరి జిల్లాల్లో మగవాడికి అక్కడ వాపు వచ్చిందంటే ఎవరి నోటైనా వచ్చే మాట వరిబీజం. కాలువలు, మురుగు బోదెలు, దోమలు, వాటితో పాటు ఫైలేరియా తరతరాలుగా మా మధ్యే ఉన్నాయి. మా చిన్నప్పుడు బోదకాలు ఉన్న మనిషి లేని వీధి ఉండేది కాదు. ఫైలేరియా మాత్రలు పంచడానికి ఇంటింటికీ వచ్చేవారు. అందుకని ఊళ్లో మందులిచ్చే ఆయన కూడా ‘వరిబీజమే బాబూ, ఈ మాత్రలు వాడు, తగ్గకపోతే వేసవిలో చిన్న ఆపరేషన్’ అన్నాడు. నడుం నొప్పి కూడా తోడయ్యాక బావ నన్ను రాజమండ్రి తీసుకెళ్లాడు.

అక్కడ డాక్టరుగారు గదిలో లైటు ఆర్పించి, వాపు వెనక నుంచి టార్చి వేసి చూశారు. వరిబీజమైతే లోపల ఉండేది నీరు కాబట్టి వెలుగు ఇవతలికి ఎర్రగా కనిపిస్తుందట. నాకు కనిపించలేదు. వెంటనే స్కాన్‌కి, రక్త పరీక్షలకి రాశారు. వృషణంలో గడ్డ. సీటీలో పొట్ట వెనక భాగంలో గ్రంథులు కూడా వాచి ఉన్నాయి. నడుం నొప్పి వాటి వల్లే. ఆ వారంలోనే ఆపరేషన్ చేసి వృషణం తీసేశారు. కోత అక్కడ పెట్టరు, గజ్జలోంచి పైకి లాగి తీస్తారు. వరిబీజం అనుకుని సూదితో నీరు లాగించుకునేవాళ్లు మా వైపు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. లోపల ఉన్నది గడ్డయితే అలా సూది పెట్టడం వల్ల జబ్బు చుట్టుపక్కలకి పాకే ప్రమాదం ఉంది. స్కాన్ లేకుండా ఎవరినీ సూది పెట్టనివ్వకండి.

రిపోర్టులో సెమినోమా అని వచ్చింది. బీజకణాల నుంచి పుట్టే ఒక రకం కాన్సర్ అది.

ఇక దీన్ని ఇంట్లో ఏమని చెప్పాలి? రొమ్ము కాన్సర్ గురించి ఈమధ్య మా ఊళ్లలో కూడా నోరు విప్పుతున్నారు. నా జబ్బు ఎక్కడ వచ్చిందో అమ్మ ముందు, అక్క ముందు చెప్పడానికి నాకే నోరు రాలేదు. పెళ్లికాని వాణ్ణి. అప్పటికి రెండు సంబంధాలు నడుస్తున్నాయి. ‘ఆపరేషన్ అయింది, ఏ ఆపరేషన్’ అని అడిగితే బావ ‘గడ్డ’ అనేవాడు. ‘ఎక్కడ గడ్డ’ అంటే మాట మార్చేవాడు. మాట మార్చే కొద్దీ ఊళ్లో అనుమానాలు పెరిగాయి.

కీమో ఇచ్చే డాక్టరుగారు వేరు, ఆయన వయసులో చిన్న. మొదటి రోజే నన్ను ‘క్రికెట్ చూస్తావా’ అని అడిగారు. చూస్తానండీ అన్నాను. ‘యువరాజ్‌కి ఛాతీ మధ్యలో వచ్చింది చూడు, అది సెమినోమానే. నీదీ ఆ జాతి కణమే. అతనికి ఛాతీలో పుట్టింది, నీకు కింద పుట్టింది’ అన్నారు. ఛాతీలో ఎలా పుడుతుందండీ అంటే కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు బీజకణాలు శరీరం మధ్య గీత వెంట ప్రయాణం చేసి తమ చోటికి చేరుకుంటాయి. దారిలో ఎక్కడో ఆగిపోయిన కణాల నుంచి ఏళ్ల తర్వాత ఛాతీలో ఇలాంటి గడ్డ పుడుతుందని డాక్టర్లు చెబుతారు. ఆ బొమ్మ ఉన్న కాగితం నా ఫైల్లో ఇప్పటికీ ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు జొన్నాడ వంతెన మీద ఉండగా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ‘అమ్మా, యువరాజ్ సింగ్‌కి వచ్చిందే నాకూ వచ్చింది.’ అమ్మ క్రికెట్ చూడదు. ఒకటే అడిగింది. ‘ఆయన బతికే ఉన్నాడా?’

‘ఉన్నాడమ్మా. తగ్గాక మళ్లీ ఇండియాకి ఆడాడు. పెళ్లయింది. మొన్న జనవరిలో కొడుకు పుట్టాడు.’

అవతల కాసేపు మాట లేదు. తర్వాత ‘కొడుకు పుట్టాడా’ అని ఇంకోసారి అడిగింది.

ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరు అడిగినా అమ్మ చెప్పే మాట ఒకటే. ‘యువరాజ్ సింగ్‌కి వచ్చిందంటండి, అదే మావాడికీనూ. ఆయనకి తగ్గిపోయిందంట. ఈ జనవరిలో కొడుకు పుట్టాడంట.’ జబ్బు ఎక్కడ వచ్చిందన్న ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. ఛాతీలో అనుకున్నవాళ్లు అనుకున్నారు. అమ్మ అబద్ధం ఆడలేదు, సిగ్గుపడాల్సిన పనీ రాలేదు. యువరాజ్ తన జబ్బుని 2012లో దేశమంతటికీ చెప్పకపోతే మా అమ్మకి ఆ మాట దొరికేది కాదు. గుండు చేయించుకున్న ఫొటో తనే అందరికీ చూపించాడు. ప్రపంచ కప్ ఆడుతున్నప్పుడే దగ్గు, వాంతులు ఉన్నాయని తనే చెప్పాడు. అంత పేరున్నవాడు దాచుకోవాలంటే దాచుకోగలడు. ఆయన చేసిన మేలుల్లో నేను మొదటిది అనుకునేది ఇదే. ధైర్యం ఇవ్వడం కంటే ముందు, మా ఇంట్లోవాళ్లు నలుగురిలో నోరు తెరిచే వీలిచ్చాడు.

ఆ కొడుకు సంగతి నాకు ఇంకోలా కూడా పనికొచ్చింది. కీమో మొదలుపెట్టే ముందు వీర్యం దాచిపెట్టుకునే ఏర్పాటు ఉందని, మందుల వల్ల కొందరికి పిల్లలు పుట్టే శక్తి తగ్గవచ్చని డాక్టరుగారు చెప్పారు. అమ్మ ఆ మాట అడక్కపోయి ఉంటే నేను ఆ విషయాన్ని అంత పట్టించుకునేవాణ్ణి కానేమో. బావ నన్ను రాజమండ్రిలోనే ఓ ఐవీఎఫ్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. ఈ ఖర్చు ఆరోగ్యశ్రీలో రాదు, చేతి డబ్బే పెట్టుకోవాలి. పెళ్లికాని కుర్రాళ్లకి ఈ సంగతి చెప్పకుండానే కీమో మొదలుపెట్టే చోట్లు కూడా ఉన్నాయి. అడగండి. కీమో మొదలయ్యాక అడిగి లాభం లేదు.

రెండో మేలు నాకు రాత్రిళ్లు నిద్రపట్టక ఫోన్‌లో చదువుతుంటే దొరికింది. అందరూ యువరాజ్ పోరాడి గెలిచాడనే రాశారు. ఏ మందుతో గెలిచాడో రాసినవాళ్లు తక్కువ. ఆయనకి అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో వైద్యం చూసింది లారెన్స్ ఐన్‌హార్న్ అనే డాక్టరు. 1970ల దాకా ఈ జాతి కాన్సర్ ఒంట్లో పాకితే పదిమందిలో తొమ్మిదిమంది చనిపోయేవారు. 1974లో ఐన్‌హార్న్ సిస్ప్లాటిన్ అనే మందుని ఇంకో రెండు మందులతో కలిపి జాన్ క్లీలండ్ అనే కాలేజీ కుర్రాడికి ఇచ్చారు. అంతకుముందు ఇచ్చిన మందులేవీ అతనికి పనిచేయలేదు. ఇది ఇచ్చాక ఊపిరితిత్తుల్లో ఉన్న గడ్డలు కొన్ని రోజుల్లోనే కరిగిపోయాయి. ఆ కుర్రాడు బతికి, టీచరై, పిల్లల్ని కన్నాడు. సిస్ప్లాటిన్‌లో ఉండేది ప్లాటినం. 1960లలో రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ప్లాటినం తీగలతో కరెంటు పంపిస్తే సూక్ష్మజీవులు ఏమవుతాయో చూస్తుంటే అవి చీలడం మానేశాయట. ఆయన కాన్సర్ మందు కోసం వెతకలేదు. ఇప్పుడు పాకిన దశలో వచ్చినవాళ్లలో కూడా ఎక్కువ మంది బతుకుతున్నారు.

ఇది చదివిన రాత్రి నాకు కలిగిన ధైర్యం ఏ స్టార్ మాటల వల్లా కలగలేదు. నిజంగా చెబుతున్నాను, నాకు స్ఫూర్తి ఇచ్చినవాడు ఎవరంటే జాన్ క్లీలండ్ పేరే చెబుతాను. అతను సెలబ్రిటీ కాదు. అతనికి బతుకుతానన్న హామీ కూడా ఎవరూ ఇవ్వలేదు. ఆ తర్వాత వచ్చిన మేమంతా అతను నడిచిన దారిలో నడిచాం, యువరాజ్‌తో సహా. యువరాజ్ ఇండియానాపోలిస్ వెళ్లాడు, నేను రావులపాలెం మీదుగా బస్సులో రాజమండ్రి వెళ్లాను. ఆయనకి తగ్గించిన సిస్ప్లాటిన్, ఎటోపొసైడ్ ఇక్కడ ఆరోగ్యశ్రీ కార్డు మీద నాకూ ఎక్కించారు. ఆ రెండూ ఇప్పుడు మన దేశంలో తయారయ్యే మామూలు మందులే. ఇప్పుడా పథకాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కార్డు పట్టుకుని ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చోవడం, ఫొటో తీయించుకోవడం, అప్రూవల్ కోసం ఎదురుచూడడం, అదంతా ఓపిక పరీక్షే. కానీ మందు మాత్రం అదే మందు. ఈ మాట ఒక్కరైనా టీవీలో చెప్పి ఉంటే ఎంతమంది పేదవాళ్లు ‘అది డబ్బున్నవాళ్లకి తగ్గే జబ్బు’ అనుకోకుండా ఉండేవారో అనిపిస్తుంది.

మూడోది లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వల్ల. సైకిల్ పందేల వీరుడు. 1996లో వృషణ కాన్సర్ వచ్చి ఊపిరితిత్తులకి, మెదడుకి కూడా పాకింది. తగ్గాక టూర్ ద ఫ్రాన్స్ వరసగా ఏడుసార్లు గెలిచాడు. నిషేధించిన మందులు వాడాడని తేలి 2012లో ఆ ఏడు టైటిళ్లూ తీసేశారు, తర్వాతి ఏడాది తనే ఒప్పుకున్నాడు. ఆయన్ని నమ్ముకుని వైద్యం చేయించుకున్న రోగులు అప్పుడు ఎంత కుంగిపోయి ఉంటారోనని ఆలోచిస్తాను. గెలుపుని చూసి ధైర్యం తెచ్చుకుంటే, ఆ గెలుపు అబద్ధమని తేలిన రోజున ధైర్యం కూడా పోతుంది. కానీ ఆయన జబ్బు అబద్ధం కాదు, తగ్గడమూ అబద్ధం కాదు. ఆయన వైద్యంలో ఒక చిన్న వివరం నాకు దొరికింది. ఈ జబ్బుకి మామూలుగా ఇచ్చే మూడు మందుల్లో బ్లియోమైసిన్ ఒకటి. అది కొందరికి ఊపిరితిత్తుల్ని బిరుసెక్కించి దెబ్బతీస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ సైకిల్ తొక్కే మనిషి కాబట్టి డాక్టర్లు దాన్ని తీసేసి వేరే మందు పెట్టారు.

మర్నాడు నేను డాక్టరుగారిని అడిగాను. ‘సార్, నేను సన్నాయి వాయిస్తానండి. ఊపిరితోనే నా పని. బ్లియోమైసిన్ లేకుండా కుదరదాండీ?’ ఆయన వెంటనే ఒప్పుకోలేదు, కాదనలేదు. ఊపిరితిత్తుల పరీక్ష చేయించారు, రిపోర్టులన్నీ మళ్లీ చూశారు. మూడు మందులతో మూడు సైకిళ్లు, అంటే మూడు విడతలు ఇవ్వచ్చు, లేదంటే బ్లియోమైసిన్ తీసేసి రెండు మందులతో నాలుగు సైకిళ్లు ఇవ్వచ్చు, నా దశకి రెండూ ఒప్పుకునే పద్ధతులే అన్నారు. ఒక సైకిల్ ఎక్కువ పడుతుంది, దానికి సిద్ధమేనా అని అడిగారు. సిద్ధమే అన్నాను. నా ఊపిరి నాకు మిగిలిందంటే ఆ ప్రశ్న వల్ల. ఆ ప్రశ్న వచ్చింది ఆర్మ్‌స్ట్రాంగ్ వైద్యం వివరాల నుంచి. పేరు పోయిన మనిషి కథ కూడా ఇలా పనికొచ్చింది.

ఇక వార్డు సంగతి.

సైకిల్‌కి అయిదు రోజులు వరసగా మందు ఎక్కిస్తారు. సిస్ప్లాటిన్ మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది కాబట్టి ముందూ వెనకా సెలైన్లు పెడుతూనే ఉంటారు. మంచం కింద గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఉంటుంది. వచ్చిన మూత్రం ఎంతో కొలిచి రాయాలి. అక్క ఒక పొడుగాటి నోటుపుస్తకంలో ఎడమ పక్క సెలైన్లు, కుడి పక్క మూత్రం, టైముతో సహా రాసేది. రాత్రి రెండింటికి కూడా లేచి జగ్గు పట్టుకెళ్లి కొలిచి వచ్చి రాసేది. నా జబ్బు ఎక్కడ వచ్చిందో అక్కకి తెలుసని నాకు ఆ రాత్రుల్లోనే అర్థమైంది. తను ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

నా పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవారు. లంకలో అరటి, కంద వేసే రైతు. నేను బాబాయిగారు అనేవాణ్ణి. ఆయనకి అన్నవాహికలో కాన్సర్. నీళ్లు కూడా కష్టం మీద దిగేవి. ఆయన కొడుకు మంచివాడు. తండ్రిని కంటికి రెప్పలా చూసుకునేవాడు. పొద్దస్తమానం ఫోన్‌లో యువరాజ్ వీడియోలు పెట్టి చూపించేవాడు. ‘నాన్నా, చూడు, మనసు గట్టిగా పెట్టుకున్నాడు కాబట్టి తగ్గింది. నువ్వూ గట్టిగా పెట్టుకో. తిను. తినకపోతే ఎలా?’ అనేవాడు.

ఒక రోజు కొడుకు కిందికి టీకి వెళ్లాక బాబాయిగారు నా వైపు తిరిగారు. గొంతు సరిగా వచ్చేది కాదు. ‘బాబూ, నేను గట్టిగానే ఉన్నాను గదా. మరి దిగదేంటి?’ అన్నారు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. డెబ్బై ఏళ్లు వరదలకి ఎదురు నిలబడి వ్యవసాయం చేసిన మనిషి, ముద్ద దిగకపోవడం తన మనసులో లోపం వల్లేమోనని అనుమానపడ్డారు. దానికి ఎవరు బాధ్యులు? కొడుకు కాదు, యువరాజ్ కూడా కాదు. ధైర్యం ఉంటే కాన్సర్ తగ్గుతుందని మనందరం కలిసి చెప్పుకునే మాటే బాధ్యురాలు. ఆ మాటకి రెండో వైపు ఉంది. తగ్గనివాడు ధైర్యం లేనివాడని అర్థం వస్తుంది. అన్నవాహిక కాన్సర్‌కి సిస్ప్లాటిన్ లాంటి మందులు ఇస్తారు గానీ, మా జాతి గడ్డ కరిగినట్టు అది కరగదు. ఇందులో మనసుకి సంబంధం లేదు. కణం తీరు వేరు.

ఆ సాయంత్రం వరండాలో కొడుకుతో మాట్లాడాను. ‘అన్నయ్యా, యువరాజ్‌ది, నాది ఒకటే జబ్బు. అందుకే ఆయన పేరు నాకు పనికొస్తుంది. నాన్నగారిది వేరు. నాన్నగారు తినడం మానేయలేదు, ఆయనకి దిగడం లేదు’ అన్నాను. అతనికి కోపం వచ్చింది. ‘మరేం చెప్పమంటావు? పోతావని చెప్పనా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కానీ రెండు రోజుల తర్వాత అతను రౌండ్స్‌లో డాక్టరుగారిని మొదటిసారి సూటిగా అడగడం విన్నాను. ‘నాన్న మింగడానికి ఏదైనా దారుందాండి?’ అని. అన్నవాహిక తెరుచుకుని ఉండేలా లోపల పెట్టే గొట్టం, స్టెంట్ అంటారు, అది వేయచ్చన్నారు. వేశారు. ఆ తర్వాత బాబాయిగారు జావ తాగారు, మజ్జిగ తాగారు, ఒకరోజు మెత్తగా కలిపిన పెరుగన్నం తిన్నారు. కొడుకు గ్లాసు పట్టుకుని పక్కన కూర్చునేవాడు, ఫోన్ జేబులో ఉండేది. శ్రావణం రాకుండానే ఆయన పోయారు.

అక్కినేని నాగేశ్వరరావుగారు తనకి కాన్సర్ అని 2013 అక్టోబరులో పత్రికల వాళ్లని పిలిచి మరీ చెప్పారు. తొంభై ఏళ్ల వయసు. నవ్వుతూ చెప్పారు. ఒప్పుకున్న సినిమా పని పూర్తి చేశారు. 2014 జనవరి 22న వెళ్లిపోయారు. ఆయనకి ధైర్యం లేదని ఏ తెలుగువాడైనా అనగలడా? మనం రోగులకి ఎప్పుడూ బతికినవాళ్ల పేర్లే చెబుతాం, ఆయన పేరు చెప్పం. బాబాయిగారి లాంటి మనిషికి నాగేశ్వరరావుగారే దగ్గరి మనిషని నాకు అనిపిస్తుంది. జబ్బు తగ్గకపోయినా మనిషి తక్కువ కాడని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

ఆడవాళ్ల వార్డులో జరిగిందొకటి అక్క చెప్పింది. మండపేట వైపు నుంచి వచ్చిన ఒకామె రొమ్ము కాన్సర్‌కి కీమో తీసుకుంటోంది. ఆమె కూతురు నటి హంసానందిని గురించి చదివిందట. 2021 డిసెంబరులో హంసానందిని తన జబ్బు బయటపెట్టినప్పుడు, తన తల్లి కూడా ఇదే జబ్బుతో పోయిందని, బీఆర్‌సీఏ1 అనే జన్యువులో తేడా వల్ల వంశంలో వచ్చిందని వివరంగా చెప్పింది. ఆ కూతురు అది పట్టుకుని డాక్టరుగారిని అడిగింది. ‘మా అమ్మమ్మ కూడా రొమ్ములో గడ్డతోనే పోయిందండి. మాకూ ఆ పరీక్ష చేయించాలా?’ డాక్టరుగారు వాళ్ల కుటుంబంలో ఎవరికి ఏ జబ్బులో అన్నీ రాసుకుని, ముందు తల్లికి పరీక్ష రాశారు. సోనాలి బెంద్రే ఎంత అందంగా గుండుతో నవ్విందో ఆ వార్డులో అందరికీ తెలుసు. పరీక్ష దాకా తీసుకెళ్లింది మాత్రం హంసానందిని చెప్పిన ఆ జన్యువు పేరు.

నాలుగు సైకిళ్లూ వేసవిలో అయ్యాయి. వైశాఖం పెళ్లిళ్లన్నీ పోయాయి. కాలువలు కట్టేసిన రోజుల్లో ఇంట్లో పడుకుని, వీధిలోంచి వెళ్లే మేళాల్ని వినేవాణ్ణి. వాంతులకి మంచి మాత్రలున్నాయి, జుట్టు పోయింది, అవన్నీ అందరికీ తెలిసినవే. నాకు ఎవరూ చెప్పనిది చెవుల సంగతి. రెండో సైకిల్ తర్వాత చెవిలో శ్రుతిపెట్టె ఆపడం మర్చిపోయినట్టు సన్నగా ఒకటే కూత. సిస్ప్లాటిన్ చెవి నరాల్ని దెబ్బతీస్తుంది, పైస్థాయి శబ్దాలు వినిపించడం తగ్గవచ్చు. వేళ్ల చివర్లు మొద్దుబారతాయి. సన్నాయి రంధ్రం మీద వేలు సరిగ్గా ఆనిందో లేదో తెలిసేది కాదు. ఊపిరి కాపాడుకున్నానని సంతోషపడితే, చెవి, వేలు ఇలా అయ్యాయి. ఇన్ని ఇంటర్వ్యూలు చదివాను, చూశాను. మళ్లీ నిలబడ్డ రోజు గురించి అందరూ చెబుతారు. నిలబడ్డాక ఒంట్లో ఏం మిగిలిపోయిందో చెప్పేవాళ్లు తక్కువ. పేరున్నవాళ్లని ఒకటి అడగాలని ఉంటుంది. దయచేసి అది కూడా చెప్పండి. మాకు చాలా అవసరం.

శ్రావణం వచ్చేసరికి ఇంటికి బుకింగుల కోసం వచ్చినవాళ్లు ‘యువరాజ్ ఆర్నెల్లకే గ్రౌండ్‌లోకి దిగాడు కదా’ అన్నారు. నిజమే. 2012 మార్చిలో ఆయన మూడో సైకిల్ అయింది. సెప్టెంబరు 8న మన విశాఖలో న్యూజిలాండ్‌తో ఆడాల్సింది, వానకి పోయింది. 11న చెన్నైలో ఆడాడు. నేను ఇంటర్ చదివే రోజుల్లో టీవీలో చూశాను. ఆయన వెనక బెంగళూరులో క్రికెట్ అకాడమీ ఉంది, ట్రైనర్లు ఉన్నారు. మా చిన్నాన్న నాకు ట్రైనర్. ‘తొందరేం లేదురా, ముందు శ్రుతికి నిలబడు’ అన్నారు. మార్గశిరంలో ఒక పెళ్లిలో ఆయన వాయిస్తుంటే నేను శ్రుతి పట్టాను. మాఘంలో మంగళసూత్రం కట్టే వేళకి ఆయన పక్కకి తప్పుకుని నాకిచ్చారు. వేళ్లు అప్పటికి కొంచెం నయం. కూత ఇప్పటికీ ఉంది, దాన్ని పక్కన పెట్టి వినడం నేర్చుకున్నాను.

నడుస్తున్న రెండు సంబంధాలూ అప్పుడే పోయాయి. 2024లో పెళ్లయింది. పెళ్లికి ముందే ఆ అమ్మాయికి జబ్బు పేరు, వచ్చిన చోటు, వీర్యం దాచిపెట్టిన సంగతి అన్నీ చెప్పాను.

ఇప్పుడు తెలిసినవాళ్ల ద్వారా నాకు ఫోన్లు వస్తుంటాయి. ‘మావాడికి నాలుగు ధైర్యం మాటలు చెప్పండి’ అంటారు. ముందు ఏ కాన్సర్ అని అడుగుతాను, రిపోర్టు ఫొటో పంపమంటాను. మా జాతి జబ్బయితే యువరాజ్ పేరు చెబుతాను, మందుల పేర్లు చెబుతాను, చెవుల గురించి కూడా చెబుతాను. వేరే జబ్బయితే యువరాజ్ పేరు ఎత్తను. అదే జబ్బు వచ్చి వైద్యం చేయించుకున్న మామూలు మనిషి ఎవరైనా మీ ఆస్పత్రిలో ఉన్నారేమో డాక్టరుగారిని అడగండి అంటాను. తగ్గే దశ దాటిందని తెలిస్తే, ఆయనకి ఇవాళ ఏం తినాలని ఉందో అడగమంటాను.

మొన్న రాజోలు వైపు నుంచి ఓ కుర్రాడు చేశాడు. చాలాసేపు క్రికెట్ గురించి మాట్లాడి, ఆఖర్లో గొంతు తగ్గించి, కింద వాపుందండి, వరిబీజం అంటున్నారు అన్నాడు. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. స్కాన్ తీశారా అంటే ఇంకా లేదన్నాడు. రేపే అమలాపురం వెళ్లి స్కాన్ తీయించుకో, సూది మాత్రం పెట్టనివ్వకు అని చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం రిపోర్టు పంపించాడు. అతనిది నిజంగా నీరే. నా స్కాన్ మాత్రం ఏడాదికోసారి ఉంటుంది. ఈసారి మాఘం ముహూర్తాలు మొదలవకముందే వెళ్లి చేయించుకోవాలి.